డిజిటల్ పిన్‌బాల్ తడబడుతోందా? గ్రాఫిక్స్ తప్పా, ఎమ్యులేషన్ తప్పా ముందు తేల్చుకోండి

"గ్రాఫిక్స్ కార్డు మంచిదే వేశాను, అయినా బంతి కుదుపులతో వెళ్తోంది. ఏ సెట్టింగ్ తగ్గించాలి?"

కొంచెం అటూ ఇటూగా ఈ ప్రశ్నే నన్ను పదే పదే అడుగుతుంటారు. నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: ప్రస్తుతానికి ఏదీ తగ్గించకండి. తడబాటు బొమ్మ గీయడం దగ్గరుందా, ఎమ్యులేషన్ దగ్గరుందా, రెండింటినీ కలిపే స్క్రిప్టు దగ్గరుందా అన్నది తేలకుండా సెట్టింగులు తగ్గిస్తూ పోతే టేబుల్ అందం పోతుంది, కుదుపు మాత్రం అలాగే ఉంటుంది.

ఇక్కడ ఎక్కువగా విండోస్‌లో పిన్‌బాల్ ఆడించే విజువల్ పిన్‌బాల్ ఎక్స్, దానితో పాటు నడిచే పిన్‌మేమ్ గురించే చెబుతున్నాను. ఇందులో ఒక్కో పిన్‌బాల్ మెషీన్‌ను టేబుల్ అంటారు. పిన్‌మేమ్ చేసేది ఎమ్యులేషన్, అంటే అసలు మెషీన్ బోర్డును కంప్యూటర్లో అనుకరించడం. చాలామంది ఇరుక్కునేది అక్కడే. మిగతా గేముల గురించి చివర్లో రెండు ముక్కలు ఉన్నాయి.

సిద్ధాంతం ఎంత కావాలో అంతే చెబుతాను. మీరు టేబుల్ తెరిచినప్పుడు ముగ్గురు పనివాళ్లు ఒకేసారి పని మొదలుపెడతారు. విజువల్ పిన్‌బాల్ బొమ్మ గీస్తుంది, బంతి కదలిక లెక్కగడుతుంది. పిన్‌మేమ్ అసలు మెషీన్ బోర్డులో ఉండే ప్రోగ్రామును, అంటే రామ్ (ROM; కంప్యూటర్ మెమరీ RAM కాదు) ఫైలును, నడిపి దీపాలు, కాయిళ్లు (మెషీన్ భాగాలను కదిపే విద్యుత్ చుట్టలు), స్కోరు, సౌండ్ ఎప్పుడు ఏం చేయాలో చెబుతుంది. మధ్యలో వీబీస్క్రిప్టు, అంటే టేబుల్ ఫైలులో రాసి ఉండే చిన్న ప్రోగ్రాము, ఈ కబుర్లను అటూ ఇటూ మోస్తుంది. ముగ్గురిలో ఎవరు ఆలస్యం చేసినా మీ కంటికి కనపడేది ఒకటే: బంతి గెంతడం.

ఆ గెంతు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. బంతి వ్యాసం 27 మిల్లీమీటర్లు. అది సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగుతోందనుకోండి. సెకనుకు 60 ఫ్రేముల (తెరమీద గీసే బొమ్మల) దగ్గర ఒక్కో ఫ్రేముకు 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ఒక్క ఫ్రేమ్ తప్పిపోతే 10 సెంటీమీటర్లు. బంతిని కొట్టే రెక్కను ఫ్లిప్పర్ అంటారు. మామూలు ఫ్లిప్పర్ పొడవు 3 అంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్ల పైచిలుకు. తప్పిపోయిన ఒక్క ఫ్రేములో బంతి ఫ్లిప్పర్ పొడవుకన్నా ఎక్కువే దాటేసింది! వేరే ఆటల్లో ఎవరూ పట్టించుకోని చిన్న కుదుపు ఇక్కడ బంతిని గోతిలో పడేయడానికి ఇదే కారణం.

కావలసినవి

- విజువల్ పిన్‌బాల్ ఎక్స్ తాజా స్థిరమైన వెర్షన్. ఇక్కడ చెప్పిన పేర్లు 10.8వి. పాత వాటిలో కొన్ని పేర్లు మారతాయి.
- మూడు రకాల టేబుళ్లు. ఒకటి, రామ్ అక్కర్లేని పాత ఎలక్ట్రోమెకానికల్ టేబుల్. రెండు, 1990లలో వచ్చిన విలియమ్స్ లేదా బాలీ మెషీన్ టేబుల్, ఉదాహరణకు మెడీవల్ మ్యాడ్‌నెస్. మూడు, స్టెర్న్ కంపెనీ శామ్ బోర్డు (ఆ కంపెనీ మెషీన్లను నడిపిన కంట్రోల్ బోర్డు) కాలానికి చెందిన టేబుల్.
- ఫ్రేమ్ టైమ్, అంటే ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం, గ్రాఫుగా చూపించే టూల్ ఏదైనా. రివాట్యూనర్ చాలు.
- విండోస్ టాస్క్ మేనేజర్.
- స్టాప్‌వాచ్ ఉన్న ఫోను.
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చేవి ఇవే.

1. ఏదీ ముట్టుకోకముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

10.8లో సెట్టింగులన్నీ యూజర్ యాప్‌డేటాలోని వీపిన్‌బాల్ఎక్స్ ఫోల్డరులో ఒక ఐఎన్ఐ ఫైలులో ఉంటాయి. దాన్ని కాపీ చేసి పక్కన పెట్టుకోండి. అంతకుముందు వెర్షన్లలో సెట్టింగులు రిజిస్ట్రీలో ఉండేవి. మీది పాతదైతే ఆ రిజిస్ట్రీ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. టేబుల్ ఫైలుకు కూడా ఒక కాపీ ఉండాలి.

తర్వాత టేబుల్ తెరిచి ఎఫ్11 నొక్కండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు), ఇంకొన్ని అంకెలు తెరమీదకు వస్తాయి. ఒక పూర్తి బంతి ఆడి మూడు విషయాలు రాసుకోండి: సగటు ఎఫ్‌పీఎస్, గ్రాఫిక్స్ కార్డు వాడకం శాతం, కుదుపు ఏ సందర్భంలో వచ్చింది. మూడోదాన్ని చాలామంది రాసుకోరు. "మల్టీబాల్ (ఒకేసారి చాలా బంతులు) మొదలైనప్పుడు", "డాట్ డిస్‌ప్లేలో (స్కోరు చూపించే చుక్కల తెరలో) యానిమేషన్ వచ్చినప్పుడు", "సరిగ్గా కొన్ని సెకన్లకోసారి, ఏం చేస్తున్నా సరే" అనే మూడింటికీ మూడు వేరువేరు మందులున్నాయి.

సగటు ఎఫ్‌పీఎస్‌ను మాత్రం నమ్ముకోకండి. 120 హెర్ట్జ్ తెరమీద ఒక్కో ఫ్రేముకు 8.3 మిల్లీసెకన్లు ఉంటాయి. ఒక సెకనులో ఒకే ఒక్క ఫ్రేముకు 50 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు కౌంటరులో కనపడే అంకె 115. చూడ్డానికి ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. ఆ 50 మిల్లీసెకన్లలోనే మీ బంతి పోయింది. అందుకే ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ కావాలి. గీత చదునుగా ఉండాలి, మధ్యలో మేకులు లేవకూడదు.

2. మూడు టేబుళ్ల పరీక్ష

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

ముందు ఎలక్ట్రోమెకానికల్ టేబుల్ ఆడండి. దీనికి రామ్ లేదు కాబట్టి పిన్‌మేమ్ అసలు నిద్రే లేవదు. ఇక్కడ కూడా బంతి కుదుపుతుంటే ఎమ్యులేషన్‌కు సంబంధం లేదు. 3 నుంచి 6 దాకా ఉన్న మెట్లు మీకోసమే.

ఇది నున్నగా నడిచి 1990ల టేబుల్ తడబడుతుంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ కాలం విలియమ్స్ బోర్డులో ప్రాసెసర్ 6809 రకం, వేగం 2 మెగాహెర్ట్జ్. దాన్ని అనుకరించడం ఈరోజు ఏ కంప్యూటరుకూ బరువు కాదు. కాబట్టి "ఎమ్యులేషన్‌కు నా ప్రాసెసర్ చాలడం లేదు" అనేది ఇక్కడ దాదాపుగా తప్పు నిర్ధారణ. అనుమానించాల్సింది రామ్ చుట్టూ ఉన్న సరంజామాని: డాట్ డిస్‌ప్లే విండో, బ్యాక్‌గ్లాస్ (మెషీన్ వెనక నిలబడే బొమ్మల అద్దం), స్క్రిప్టు టైమర్లు. 7, 8 మెట్లు చూడండి.

శామ్ టేబుల్ ఒక్కటే తడబడితే అప్పుడు ఎమ్యులేషన్ బరువును నిజంగా అనుమానించవచ్చు. ఆ బోర్డులో ఉన్నది ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్. అనుకరించడానికి 6809 కన్నా చాలా ఎక్కువ పని. పాత ల్యాప్‌టాప్‌లు చేతులెత్తేసేది ఇక్కడే.

ఇంకో చిట్కా. ఆడుతూ టాస్క్ మేనేజర్ చూడండి. గ్రాఫిక్స్ కార్డు 97 నుంచి 99 శాతం దగ్గర ఉంటే బొమ్మ గీయడమే బరువు. అది 40 శాతంలో తీరిగ్గా కూర్చుని ఉండగా బంతి కుదుపుతుంటే, గ్రాఫిక్స్ సెట్టింగులు ఎంత తగ్గించినా లాభం లేదు. ప్రాసెసర్ మొత్తం వాడకం 15 శాతమే చూపిస్తోందని కూడా మోసపోకండి. స్క్రిప్టు పని ఒకే కోరు మీద పడుతుంది. 8 కోర్ల ప్రాసెసరులో ఒక కోరు నిండా ఊపిరాడకుండా ఉన్నా మొత్తం లెక్కలో అది 12.5 శాతమే. కోర్లు విడివిడిగా కనపడేలా గ్రాఫ్ మార్చుకుని చూడండి.

3. తెర, కార్డు, కరెంటు: పది నిమిషాల తనిఖీ

ఇది చిన్న మెట్టే. కానీ నేను రెండు సాయంత్రాలు తగలేసింది ఇక్కడే. ప్రతి కొన్ని సెకన్లకూ ఒక కుదుపు వచ్చేది. ప్రతిబింబాలు తీసేశాను, నీడలు తీసేశాను, రిజల్యూషన్ తగ్గించాను. చివరికి టేబుల్ పాత వీడియో క్యాసెట్టులా తయారైంది, కుదుపు మాత్రం గడియారంలా వస్తూనే ఉంది. విసుగొచ్చి బ్యాక్‌గ్లాస్ చూపించే రెండో మానిటర్ వైరు పీకేశాను. కుదుపు మాయం. మెయిన్ తెర 144 హెర్ట్జ్, రెండోది 60. రెండింటి లయ కుదరక వచ్చిన గొడవ అది. మెయిన్ తెరను 120కి మార్చాక, అంటే 60కి సరిగ్గా రెట్టింపు చేశాక, మళ్లీ రాలేదు.

చూడాల్సినవి:

- తెర నిజంగా దాని పూర్తి రిఫ్రెష్ రేటులో ఉందా? 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఏడాదిపాటు 60లోనే వాడినవాళ్లు తక్కువేం కాదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి.
- రెండు మూడు తెరలుంటే రేట్లన్నీ సమానంగా, కుదరకపోతే ఒకదానికొకటి రెట్టింపుగా పెట్టండి.
- ల్యాప్‌టాప్ అయితే గేమ్ నడుస్తున్నది ఏ గ్రాఫిక్స్ చిప్ మీద? డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అనే పేజీలో విజువల్ పిన్‌బాల్ ప్రోగ్రామును చేర్చి హై పర్ఫార్మెన్స్ ఎంచుకోండి. డైరెక్ట్ఎక్స్ వెర్షన్, ఓపెన్‌జీఎల్ వెర్షన్, బీజీఎఫ్ఎక్స్ వెర్షన్ అన్నీ వేరువేరు ప్రోగ్రాములు. ఒకదాన్ని చేర్చి ఇంకోదాన్ని నడిపిస్తే ఫలితం ఉండదు.
- చార్జర్ పెట్టి ఉందా?
- టీవీని తెరగా వాడుతుంటే గేమ్ మోడ్ ఆన్ చేయండి. లేకపోతే ఫ్లిప్పర్ నొక్కిన కాసేపటికి కదిలినట్టుంటుంది. ఎఫ్‌పీఎస్ కౌంటరుకు ఈ ఆలస్యం కనపడదు.

4. ఫ్రేములకు కళ్లెం వేయండి

పరిమితి లేకుండా వదిలేస్తే వేగంగా ఉంటుందనేది చాలామంది అపోహ. విండోస్‌తో వచ్చిన పాత స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్ కథ గుర్తుచేసుకోండి. ఆ గేములో ఫ్రేములకు హద్దు లేదు. కంప్యూటర్లు వేగం పుంజుకునే కొద్దీ అది వేలకొద్దీ ఫ్రేములు గీస్తూ ప్రాసెసరు మొత్తాన్నీ మింగేసేది. మైక్రోసాఫ్ట్‌లో రేమండ్ చెన్ దానికి సెకనుకు 100 ఫ్రేముల హద్దు పెట్టాక ప్రాసెసర్ వాడకం 1 శాతానికి పడిపోయింది. ఎవరూ చూడని ఫ్రేముల కోసం పడే కష్టం వేడిగా, ఫ్యాను మోతగా, చివరికి కుదుపుగా తేలుతుంది.

విజువల్ పిన్‌బాల్ వీడియో ఆప్షన్స్‌లో ఇలా మొదలుపెట్టండి. సింక్ మోడ్‌లో వీసింక్ (ఫ్రేములను తెర లయకు కట్టే సెట్టింగ్) ఎంచుకోండి. ముందుగా గీసి ఉంచే ఫ్రేముల సంఖ్యను 1 చేయండి. ఆడి చూడండి. ఫ్లిప్పర్ బరువుగా, ఆలస్యంగా అనిపిస్తే వీసింక్ తీసేసి, గరిష్ఠ ఫ్రేమ్ రేటు గడిలో తెర రేటునే పెట్టండి. తెరకు వేరియబుల్ రిఫ్రెష్ రేటు (గేము ఫ్రేములకు తగ్గట్టు తెరే తన లయ మార్చుకునే) సౌకర్యం ఉంటే గరిష్ఠ రేటును తెర రేటుకన్నా మూడు నాలుగు తక్కువ పెట్టడం నాకు బాగా కుదిరింది.

హెచ్చరిక: వీసింక్‌ను ఒకేచోట పెట్టండి. గేములో ఒకటి, గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్లో ఒకటి, రివాట్యూనర్‌లో మరో పరిమితి పెట్టుకుని ముగ్గురు ట్రాఫిక్ పోలీసులు ఒకే కూడలిలో నిలబడ్డట్టు చేసుకోకండి.

బంతి లెక్కలకూ ఫ్రేములకూ నేరుగా ముడి లేదన్నది గుర్తుంచుకోవాలి. విజువల్ పిన్‌బాల్ ఫిజిక్స్ మిల్లీసెకనుకోసారి, అంటే సెకనుకు 1000 సార్లు నడుస్తుంది. ఎఫ్‌పీఎస్ పెంచితే బంతి వేగం పెరగదు. ఫ్రేమ్ ఆలస్యమైతే మాత్రం బాకీ పడ్డ ఫిజిక్స్ లెక్కలన్నీ ఒక్కసారే చేయాల్సొస్తుంది. అందుకే ఒక కుదుపు వెంట ఇంకోటి వస్తుంటుంది.

5. పిక్సెళ్లు: అసలు బరువు ఇక్కడ

గ్రాఫిక్స్ కార్డు 99 శాతంలో ఉంటేనే ఈ మెట్టు చేయండి.

1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. 4కేలో 83 లక్షలు, అంటే నాలుగింతలు. ఇది అందరికీ తెలిసిందే. తెలియకుండా దెబ్బతీసేది సూపర్‌శాంప్లింగ్. దాన్ని 2 చేస్తే నిలువుగా రెండింతలు, అడ్డంగా రెండింతలు గీయమని అర్థం. 4కే తెరమీద అది 3 కోట్ల 30 లక్షల పిక్సెళ్లు, ప్రతి ఫ్రేముకూ. 1.5 పెట్టినా రెండుంపావు రెట్లు.

నేను సూచించే వరుస ఇది:

సూపర్‌శాంప్లింగ్ 1 దగ్గర పెట్టండి. అంచులు రంపంలా కనపడితే ముందు ఎఫ్ఎక్స్ఏఏ గానీ ఎస్ఎమ్ఏఏ గానీ పెట్టండి. వీటి ఖర్చు చాలా తక్కువ. ఇంకా చాలదనిపిస్తే ఎమ్ఎస్ఏఏ 4 ప్రయత్నించండి. వైర్ ర్యాంపుల అంచుల దగ్గర తేడా బాగా తెలుస్తుంది. ఇంతా చేశాక కార్డు ఇంకా 60 శాతంలోనే ఉంటే అప్పుడు సూపర్‌శాంప్లింగ్ 1.25 దాకా పెంచుకోండి.

తర్వాత ప్రతిబింబాలు. టేబుల్ ఆడుతూనే ఎఫ్12 నొక్కితే మెనూ వస్తుంది, అక్కడే మార్చి అక్కడే చూడొచ్చు. ప్లేఫీల్డ్ (బంతి దొర్లే బల్ల) ప్రతిబింబాలు పూర్తి డైనమిక్‌లో ఉంటే టేబుల్‌లో చాలా భాగాన్ని రెండోసారి గీయాల్సొస్తుంది. "స్టాటిక్, బంతులు" అనే స్థాయికి దించితే ఆటలో ఉన్నప్పుడు తేడా పట్టుకోవడం కష్టం. బంతిమీద చూపు ఉన్నవాడికి ర్యాంపు కింద దీపం నీడ కదిలిందా లేదా చూసే తీరిక ఎక్కడిది? యాంబియెంట్ అక్లూజన్ (మూలల్లో పడే మెత్తటి నీడలు), స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్లు (ఇంకో రకం ప్రతిబింబాలు) తీసేయడం ఆ తర్వాతి పని.

ఒక్క విషయం జాగ్రత్త. కదలని భాగాలను విజువల్ పిన్‌బాల్ మొదట్లో ఒకసారే గీసి దాచుకుంటుంది. అందుకే అంత వివరమున్న టేబుల్ కూడా తేలిగ్గా నడుస్తుంది. తల కదిపితే చూపు మారే హెడ్ ట్రాకింగ్ గానీ, వీఆర్ గానీ వాడితే ఈ వెసులుబాటు పోతుంది. అన్నీ ప్రతి ఫ్రేముకూ మళ్లీ గీయాలి. "మామూలుగా 144 వస్తోంది, వీఆర్‌లో 50 కూడా రావడం లేదు" అంటే మీ కార్డులో లోపం వెతక్కండి.

6. టెక్స్చర్లు, వీడియో మెమరీ

మొదటి నిమిషం బాగా నడిచి, ఏదో మోడ్ మొదలవగానే అర సెకను బిగుసుకుపోతే వీడియో మెమరీ నిండిందని అనుమానించండి. టాస్క్ మేనేజర్లో డెడికేటెడ్ జీపీయూ మెమరీ అనే అంకె చూడండి.

లెక్క సులువే. టెక్స్చర్ అంటే టేబుల్ భాగాల మీద అతికించే బొమ్మ. 4096×4096 టెక్స్చర్ ఒకటి కుదించకుండా ఉంటే 64 ఎంబీ. దూరం నుంచి చూడ్డానికి పెట్టుకునే చిన్న కాపీలతో కలిపి దాదాపు 85. అలాంటివి 20 ఉన్న టేబుల్ 1.7 జీబీ తినేస్తుంది. గరిష్ఠ టెక్స్చర్ సైజును 2048కి దించితే ఒక్కోటి నాలుగోవంతుకు తగ్గుతుంది, మొత్తం 430 ఎంబీ లోపే సర్దుకుంటుంది. 8192 టెక్స్చర్ ఉంటే అది ఒక్కటే 256 ఎంబీతో మొదలు.

2 జీబీ కార్డున్నవారు 2048, 4 జీబీ వారు 3072 లేదా 4096తో మొదలుపెట్టండి. 1080పీ తెరమీద 2048కీ 4096కీ తేడా కనపడేది ప్లేఫీల్డ్ బొమ్మలోని చిన్న అక్షరాల్లో మాత్రమే. మార్పు కనపడాలంటే టేబుల్ మూసి మళ్లీ తెరవాలి.

7. రామ్ వైపు పనులు

ముందు బిట్ల పొత్తు చూడండి. విజువల్ పిన్‌బాల్ 64 బిట్ వాడితే పిన్‌మేమ్ కూడా 64 బిట్‌దే రిజిస్టర్ చేయాలి. పిన్‌మేమ్ ఫోల్డరులో సెటప్, సెటప్64 అని రెండుంటాయి. సెటప్ ఒక్కటే నడిపి, "యాక్టివ్ఎక్స్ కాంపొనెంట్ ఆబ్జెక్టును సృష్టించలేదు" అన్న మెసేజ్ చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. రెండూ నడపండి, గొడవుండదు. డీఎల్ఎల్ ఫైళ్లను ఇంటర్నెట్ నుంచి దించి ఉంటే వాటి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్కు పెట్టారో లేదో కూడా చూడండి.

రామ్ జిప్పును విప్పకండి, పేరు మార్చకండి. స్క్రిప్టు ఆ పేరుతోనే వెతుకుతుంది.

ఇక డాట్ డిస్‌ప్లే. 128×32 చుక్కల చిన్న తెర అది. దాన్ని చూపించే విండోనే చాలాసార్లు కుదుపుకు కారణం. గేమ్ ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్‌లో (తెర మొత్తాన్నీ తనొక్కటే పట్టుకునే పద్ధతిలో) ఉండగా అదే తెరమీద పిన్‌మేమ్ సొంత డిస్‌ప్లే విండో కూడా పెడితే రెండూ కొట్లాడుకుంటాయి, తెర మినుకుమంటుంది, ఎఫ్‌పీఎస్ సగానికి పడుతుంది. మూడు దారులున్నాయి: ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్ తీసేయడం, డిస్‌ప్లేను రెండో తెరమీదకు జరపడం, పిన్‌మేమ్ విండో దాచి బయటి డీఎండీ (డాట్ డిస్‌ప్లే) ప్లగిన్‌కు అప్పగించడం. టేబుల్ నడుస్తుండగా ఎఫ్1 నొక్కితే ఆ గేము ఆప్షన్లు వస్తాయి, బయటి డీఎల్ఎల్ వాడాలనే టిక్కు అక్కడే ఉంది. ఒకటే తెర ఉన్నవారికి మొదటి దారే మంచిది.

బయటి ప్లగిన్ వాడుతుంటే దాని ఐఎన్ఐ ఫైలు తెరిచి మీ దగ్గర లేని డిస్‌ప్లే పరికరాలన్నిటినీ ఆఫ్ చేయండి. లేనివాటికోసం ప్రతిసారీ వెతుకుతుంటే టేబుల్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

బొమ్మ బాగానే ఉండి సౌండు మాత్రం చిటపటలాడుతుంటే పిన్‌మేమ్ శాంపిల్ రేటు, విండోస్ సౌండ్ డివైస్ రేటు రెండూ 48000 దగ్గర ఉన్నాయేమో చూడండి. సౌండు శుభ్రంగానే ఉండి ఆలస్యంగా వస్తుంటే బ్లూటూత్ హెడ్‌ఫోన్ తీసి వైరుది పెట్టండి. దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు.

హెచ్చరిక: "ఎన్వీరామ్ ఫైలు డిలీట్ చెయ్" అనే సలహా తరచూ వినపడుతుంది. మెషీన్ తన స్కోర్లు, సెట్టింగులు దాచుకునే ఫైలు అది. గేమ్ మొదలవకుండా మొండికేస్తే అది పనికొస్తుంది, వేగానికి మాత్రం కాదు. డిలీట్ చేస్తే మీ హైస్కోర్లన్నీ పోతాయి. చేసే ముందు కాపీ పెట్టుకోండి.

8. స్క్రిప్టు, బ్యాక్‌గ్లాస్, యాంటీవైరస్

గ్రాఫిక్స్ కార్డు తీరిగ్గా ఉండి, ఒక కోరు మాత్రం నిండిపోయి ఉంటే ఇక్కడికి రండి.

బ్యాక్‌గ్లాస్‌ను ముందు పరీక్షించండి. ఆ టేబుల్ డైరెక్ట్‌బీ2ఎస్ ఫైలు (బ్యాక్‌గ్లాస్ ఉండే ఫైలు) పేరు తాత్కాలికంగా మార్చి ఆడండి. ఫైలు దొరకలేదని మెసేజ్ వస్తే పట్టించుకోకండి. కుదుపు పోయిందా? అయితే పేరు తిరిగి పెట్టి, బ్యాక్‌గ్లాస్‌మీద రైట్ క్లిక్ చేసి సెట్టింగ్స్‌లో రెండు మార్పులు చేయండి. దాన్ని విడి ఈఎక్స్ఈగా నడిచేలా పెట్టండి. దీపాలకు, ఎల్ఈడీలకు ఫ్రేములు వదిలేసే అంకెను 1 లేదా 2 చేయండి. వెనకాల అద్దంలో దీపం ఒక ఫ్రేమ్ ఆలస్యంగా వెలిగినా ఎవరికీ తెలియదు.

తర్వాత యాంటీవైరస్. నడుస్తున్న వీబీస్క్రిప్టును అది మధ్యమధ్యలో తనిఖీ చేస్తుంటుంది. పిన్‌బాల్ ఫోల్డరును మినహాయింపుల్లో చేర్చి చూడండి. మొత్తం యాంటీవైరస్ ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. మినహాయించిన ఫోల్డరులో ముక్కూమొహం తెలియని చోటునుంచి తెచ్చిన ఫైళ్లు పెట్టకండి.

టైమర్ల సంగతి కొంచెం ధైర్యమున్నవారికి. టేబుల్ స్క్రిప్టులో విరామం 1 అని ఉన్న టైమర్ సెకనుకు 1000 సార్లదాకా పిలవమని అడుగుతుంది. ఫ్లిప్పర్ నీడ కదపడం, బంతి నీడ కదపడం లాంటి కేవలం కంటికోసం చేసే పనులకు అంత అవసరం లేదు. అలాంటి టైమర్ విరామాన్ని -1 చేస్తే ఫ్రేముకు ఒక్కసారే నడుస్తుంది. నాలుగైదు అలాంటివి మార్చాక పాత ప్రాసెసరు మీద ఒక టేబుల్ నిజంగానే ఊపిరి పీల్చుకోవడం చూశాను. కానీ దీపాలు మెల్లగా ఆరే వేగం టైమర్ విరామం మీదే ఆధారపడి ఉంటే, దాన్ని మారిస్తే దీపాల తీరు మారిపోతుంది. పిన్‌మేమ్‌తో మాట్లాడే టైమర్ను అసలు ముట్టుకోకండి. ఒక్కోటి మార్చి, ఆడి, తర్వాతే ఇంకోటి.

9. వేరే గేములైతే

ఫ్యూచర్ పిన్‌బాల్ 32 బిట్ ప్రోగ్రాము, మామూలుగా 2 జీబీ మించి మెమరీ వాడలేదు. పెద్ద టేబుళ్లు తెరవగానే మూసుకుపోతుంటే 4 జీబీ ప్యాచ్ వేయండి. దీనిలో అసలు బోర్డు రామ్ నడవదు కాబట్టి 7వ మెట్టుతో పనిలేదు.

పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ లాంటి కొనుక్కునే గేముల్లో ఎమ్యులేషన్‌కు సంబంధించిన మీటలు మీ చేతికివ్వరు. రే ట్రేసింగ్ (వెలుగు దారిని లెక్కగట్టి గీసే బరువైన పద్ధతి) ముందు ఆపండి, తర్వాత నీడలు, తర్వాత ప్రతిబింబాలు. రిజల్యూషన్ చివర్లో ముట్టుకోండి.

తరచూ చేసే పొరపాట్లు

ఒకేసారి ఐదు సెట్టింగులు మార్చడం అన్నింటికన్నా పెద్దది. కుదుపు పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. తర్వాతి టేబుల్‌లో మళ్లీ వస్తే మొదటికే రావాలి.

ఒక్క టేబుల్ ఆడి తీర్పు చెప్పడం ఇంకోటి. కొన్ని టేబుళ్లు అందంగా ఉండి లోపల అడ్డదిడ్డంగా రాసి ఉంటాయి. మిగతావన్నీ నున్నగా నడుస్తూ ఒక్కటే తడబడుతుంటే తప్పు మీ కంప్యూటరుది కాదు, దాని కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడండి.

టేబుల్ తెరిచిన మొదటి పది సెకన్ల కుదుపును లెక్కేయకండి. టెక్స్చర్లు అప్పుడే ఎక్కుతుంటాయి.

ఫలితం సరిచూసుకోవడం

మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీయండి. అదే టేబుల్, ఒక పూర్తి బంతి, వీలైతే మల్టీబాల్‌తో సహా ఆడండి.

ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్‌లో 60 హెర్ట్జ్ తెరకు 16.7, 120కి 8.3, 144కి 6.9 మిల్లీసెకన్ల దగ్గర గీత నిలబడాలి. నిమిషానికి ఒకటి రెండు చిన్న మేకులు కనపడినా ఆటలో తెలియకపోతే వదిలేయండి. కార్డు వాడకం అత్యంత రద్దీ సమయంలో కూడా 80 శాతం దాటకపోతే మంచిది, మల్టీబాల్‌కు కాస్త ఊపిరి మిగులుతుంది.

ఎమ్యులేషన్ సరైన వేగంలో నడుస్తోందా అనేది స్టాప్‌వాచ్‌తో చూడండి. ఎవరూ ఆడనప్పుడు డాట్ డిస్‌ప్లేలో తిరిగే ప్రదర్శన ఒక చుట్టు పూర్తవడానికి ఎంత పడుతుందో కొలవండి. గ్రాఫిక్స్ అన్నీ కనిష్ఠంలో పెట్టి ఒకసారి, మీకు నచ్చిన సెట్టింగులతో ఇంకోసారి. రెండూ సెకను అటూఇటూగా కలవాలి. రెండోది బాగా పొడవైతే పిన్‌మేమ్‌కు ప్రాసెసర్ సమయం అందడం లేదు, 8వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

చివరి పరీక్షకు ఏ టూలూ అక్కర్లేదు. బంతిని ఫ్లిప్పర్ మీద పట్టి నిలబెట్టండి, వదిలి, ఒకే ర్యాంపుకు వరసగా పదిసార్లు కొట్టండి. తప్పిన ప్రతిసారీ అది మీ చేతి తొందర వల్లో, ఆలస్యం వల్లో మీకే తెలిసిపోతుంటే ఇక సెట్టింగులు మూసేసి ఆడుకోండి.